మూడో ప్లగ్గు

మద్దిలేటికి ఒకటే బాధ. సుంకన్న చెక్క.

గిడ్డయ్య గురువు చెక్కభజన అంటే కర్నూలు పల్లెల్లో పనులు మానుకుని వస్తారు. చేతుల్లో కొయ్యచెక్కలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, ఇరవైమందీ ఒక్క మనిషిలా తాళం వేయాలి. అందులో సుంకన్న చెక్క మాత్రం వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. పెద్ద శిష్యుడు మద్దిలేటికి అది పంటికింద రాయి.

ఆ రోజు జాతరకు మిగతావాళ్లు పొద్దున్నే లారీలో వెళ్లిపోయారు. గురువునీ సుంకన్ననీ మద్దిలేటి తన పాత కారులో తీసుకెళుతున్నాడు. బండి నడుపుతూనే, వెనక సీట్లో మనిషి ఉన్నాడనైనా చూసుకోకుండా అనేశాడు.

"వీణ్ణి బేతంచెర్లలో బస్సెక్కిచ్చి ఇంటికి పంపిద్దాం గురువా. పోయినూర్లో జనం ముందరే అరిచినా, అది చెయ్యా, రోకలిబండా అని. బుద్ధి రావద్దా? ఆ పొద్దు నుంచి ఇంకా అధ్వానం!"

ముందు సీట్లో గిడ్డయ్య తలగుడ్డ సర్దుకున్నాడు. సుంకన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

కోపం నోట్లో ఉంటే కళ్లు పనిచేయవు కదా! వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటిన సంగతి మద్దిలేటి గమనించనే లేదు. కొండదారి సగం ఎక్కేసరికి బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచింది.

దిగాడు. బానెట్ ఎత్తాడు. నీళ్ల క్యాను తీసి ఇంజను మీద గుమ్మరించాడు.

"చల్లారనీప్పా," అన్నాడు గురువు. అప్పటికే క్యాను ఖాళీ.

ఎవరూ చెప్పకుండానే సుంకన్న ఆ క్యాను తీసుకుని దిగువన ఉల్లిచేను బోరు దగ్గరికి నడిచాడు. అతను తిరిగొచ్చేసరికి ఇంజను చల్లబడింది. రేడియేటర్ నింపి తాళం తిప్పారు. బండి స్టార్టయింది గానీ, చలిజ్వరం పట్టినట్టు ఒకటే వణుకు.

గట్టు మీద కూర్చున్న గిడ్డయ్య తల ఓ పక్కకు వంచి విన్నాడు. "నాలుగు దెబ్బల్లో ఒకటి పడడంల్యా."

"మిస్సింగ్ గురువా! దొంగెవడో ఇప్పుడే పట్టిస్తా చూడు."

చేతికి గుడ్డ చుట్టుకుని, ఇంజను తిరుగుతుండగానే మొదటి ప్లగ్గు వైరు పీకాడు. బండి ఆగిపోబోయింది. మళ్లీ తగిలించాడు. రెండోది పీకితే అదే తీరు. మూడోది పీకాడు. శబ్దంలో ఏ మార్పూ లేదు.

"దొరికినాడు! ఉన్నా లేకపోయినా ఒకటే. పనిచేయనిది ఇదే."

"అయితే పారెయ్. మూడింటితో పోదాం."

మద్దిలేటి పగలబడి నవ్వాడు. "భలేటోడివి గురువా! మూడుకాళ్ల ఎద్దుతో కొండెక్కుతామా? దానికేమైందో చూడల్ల గానీ."

"చూడు మరి."

ఇంజను ఆపి తొంగిచూశాడు. ప్లగ్గు కూర్చునే గుంతలో నీళ్లు.

"తడిసింది గురువా. ఇంక నిప్పురవ్వ యాడ పుడుతుంది?"

"ఎవురు పోసినారప్పా?"

మద్దిలేటి తలెత్తాడు. ఎదురుగా సుంకన్న, చొక్కా అంతా తడిసి, ఖాళీ క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

గిడ్డయ్య తన తలగుడ్డ విప్పి అందించాడు. మద్దిలేటి గుంతలో నీళ్లన్నీ అద్ది తీశాడు. ప్లగ్గు విప్పి, పసిబిడ్డ చెవి తుడిచినట్టు తుడిచి, ఎండలో కాసేపు పెట్టి, మళ్లీ బిగించాడు. ఈసారి తాళం తిప్పితే ఇంజను తొణక్కుండా తిరిగింది. నాలుగూ ఒక్క మనిషిలా.

బేతంచెర్ల వచ్చింది. బస్టాండులో బస్సు నిలబడి ఉంది.

"బస్సుందప్పా," అన్నాడు గిడ్డయ్య.

మద్దిలేటి బండి ఆపలేదు. ఊరు దాటాక, చూపు రోడ్డు మీదే ఉంచి, "సుంకన్నా, చెక్కలు తియ్. ఒక పాట అందుకుందాం. నేను... అరవన్లే," అన్నాడు.

వెనక సంచిలో చెక్కలు గలగలమన్నాయి. మద్దిలేటి పల్లవి ఎత్తుకున్నాడు. మొదటి దెబ్బ ఆలస్యంగా పడింది. అతని పాట ఆగింది. మెడ వెనక్కి తిరగబోయింది.

గిడ్డయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు.

"తడి ఆరాల గదప్పా. నువ్వు పాడు."

మద్దిలేటి పాడాడు.