చెమ్మ పట్టిన మర్ఫా

నాలుగు సిట్టింగులయ్యాయి. ఆ నాలుగింటిలో గోడమీది బల్లి పలికింది, కిటికీ రెక్క పలికింది, ఫ్యాను తన నలభయ్యేళ్ల కష్టాలన్నీ ఏకరువు పెట్టింది. మబ్రూక్ మాత్రం నోరు విప్పలేదు.

పదహారేళ్ల పిల్లాడు. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, దువ్వెన పళ్లు విరిచేసే ఉంగరాల జుట్టు. పొడుగంటే మామూలు పొడుగు కాదు, బాలుర హోంలో సరిపడే మంచం దొరక్క కాళ్లు పక్క వార్డులో పెట్టుకుని పడుకుంటాడని మిగతా పిల్లలు చెప్పుకునేవాళ్లు. కుర్చీలో కూర్చుని బల్ల అంచుమీద వేళ్లతో టకటక కొడుతూనే ఉంటాడు. ఎదురుగా మృదుల ఫారం పట్టుకుని కూర్చుంటుంది. అందులో అరవైనాలుగు ప్రశ్నలు. వాటిని తయారుచేసిన మహానుభావుడు పిల్లల్ని ఎప్పుడూ చూసి ఉండడు, పటంలో కూడా.

మృదుల విశాఖపట్నంలో సైకాలజీ చదివింది. బంగారు పతకం వచ్చింది. దాన్ని మెళ్లో వేసుకుని తిరగదు గానీ, నడకలో కనబడుతుంది. హైదరాబాదు వచ్చి ఈ హోంలో కౌన్సిలరుగా చేరి మూడు నెలలు.

మర్నాడు మూడింటికి బాలల న్యాయమండలి ముందు మబ్రూక్ గురించి ఆమె రిపోర్టు పెట్టాలి. 'సహకరించడం లేదు, చేతులు నిలకడగా ఉండవు' అని రాస్తే పిల్లాడు ఇంటికి పోడు. ఊరవతల స్పెషల్ హోంలో మూడేళ్లు.

"రాసి పారెయ్యమ్మా, ఆ రకం వాళ్లు మారరు" అన్నాడు సూపరింటెండెంట్ కోదండపాణి.

ఆ 'రకం' అన్న మాట మృదుల చెవిలో చీమలా దూరి కుట్టింది. రాయలేదు. రాయడానికి వేరే ఏమీ లేదు కూడా. సాయంత్రం జైతూన్ ఆపా ఇంటికి పోయింది.

జైతూన్ ఆపా, ఆపా అంటే అక్క, ఆ హోంలో ముప్పయ్యేళ్లు కౌన్సిలరుగా పిల్లలతో కూర్చున్న మనిషి. రిటైరయ్యాక ప్రతి గురువారం దర్గా మెట్ల మీద కూర్చుని ఎవరేం చెప్పినా వింటుంది. ఆవిడ వింటుంటే మెట్ల రాళ్లు కూడా తమ చిన్నప్పటి సంగతులు చెప్పేస్తాయని హోం వంటమనిషి పోశమ్మ ఒట్టేసి చెబుతుంది. మృదులకు పని నేర్పుతున్నది ఆవిడే. నేర్పడమంటే పాఠం చెప్పింది లేదు. మూడు నెలలుగా అల్లం పొట్టు తీయించింది, చాయ్ పెట్టించింది, అంతే.

ఆ రోజూ అల్లం ముందు పెట్టింది.

"వాడు మాట్లాడడు ఆపా."

"నువ్వు మొదలు ఏమడిగినవ్ బేటీ?"

"ఫారంలో ఉన్నదే. మీది ఏ దేశం, ఇక్కడికి ఎప్పుడు వచ్చావు అని."

"ఏ భాషల?"

మృదుల అల్లం వంక చూసింది. "ఇంగ్లీషులో. అర్థం కావాలని మెల్లగా, ఒక్కో మాటా విడదీసి. ఫైల్లో ఆఫ్రికా సంతతి అని ఉంది కదా."

"దాని కింద అడ్రస్ ఏమున్నది?"

మృదుల అంతవరకూ చదవలేదు.

జైతూన్ ఆపా తిట్టలేదు. నవ్వనూ లేదు. నవ్వకుండా ఉండడానికి ఆవిడ బిగబట్టి వదిలిన ఊపిరికి దండెం మీది చీరలు కదిలాయి. "పొద్దుగాల వస్త" అంది, మృదుల పెట్టిన చాయ్ తాగుతూ. "ఇయ్యాల చాయ్‌ల చక్కెర ఎక్కువేసినవ్. పో."

తెల్లారింది గానీ తెల్లారినట్టు లేదు. ఎనిమిది రోజులుగా ముసురు. మూసీలో కప్పలకే జలుబు చేసింది. ఆ వానలో జైతూన్ ఆపా ఒక మర్ఫాను కొంగు కింద పెట్టుకుని హోం గేటు దగ్గర దిగింది. మర్ఫా అంటే రాగి గిన్నె మూతికి తోలు బిగించిన చిన్న నగారా, మెడకు తగిలించుకుని పెళ్లిళ్లలో సన్న బెత్తాలతో వాయిస్తారు.

గేటు జవాను అడ్డం నిలబడ్డాడు. "వాయిద్యాలు లోపలికి తేవద్దమ్మా. రూలు."

"ఇది వాయిద్యమా? వాయించి చూడు."

వాయించాడు. తడి గోనెసంచిని తన్నినట్టు బొద్దుమంది.

"చూసినవా? ఉత్త గిన్నె. జరుగు."

గదిలో మబ్రూక్ ఎప్పటిలాగే వేళ్లతో బల్ల మీద కొడుతున్నాడు. జైతూన్ ఆపా మర్ఫాను తెచ్చి బల్ల నడుమ పెట్టింది. వేళ్లు ఒక్క క్షణం ఆగాయి.

"అడుగు" అంది మృదులతో.

"ఎవర్ని ఆపా?"

"దీన్ని. నీ అరవైనాలుగూ దీన్నడుగు."

మృదులకు చెవులు కాలాయి. బంగారు పతకం వచ్చిన రోజు ఈ దినం వస్తుందని ఎవరూ చెప్పలేదు. బెత్తం తీసుకుని కొట్టింది.

బొద్.

"ఏం రాస్తవ్?"

"...సహకరించడం లేదు."

"రాయి. ఇంక గట్టిగ కొట్టు."

బొద్. మబ్రూక్ దవడ కదిలింది.

"తిండి పెట్టలేదా మీ ఇంట్ల? గట్టిగ!"

మృదుల చెయ్యెత్తింది. కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడైంది. మబ్రూక్ లేచి నిలబడి ఉన్నాడు, తల ఫ్యానుకు బెత్తెడు దూరంలో.

"తోలు పగుల్తది మేడం! ముసురుకు చెమ్మ పట్టింది. సెగ సూపియ్యకుండ ఎవలన్న కొడతరా?"

తెలుగు. మృదుల తెలుగు కన్నా నాలుగు రెట్లు చిక్కటి తెలుగు. గోడమీది బల్లి కూడా తల తిప్పి చూసింది.

జైతూన్ ఆపా కిటికీలోంచి వాన చూస్తోంది, ఆ గదితో తనకు సంబంధం లేనట్టు.

మృదుల బెత్తం కింద పెట్టింది. అడిగింది, ఈసారి తెలుగులో. "సెగ దేనితో చూపిస్తారు?"

మబ్రూక్ ఆమెను పైనించి కిందికి చూశాడు. నాలుగు సిట్టింగుల్లో చూడని చూపంతా ఒక్కసారే చూశాడు.

"ఎండుగడ్డి తోటి. లేకుంటే కాయితాలు."

మృదుల ఫారం వంక చూసింది. క్లిప్పు ఊడదీసింది.

వెనక వసారాలో, రేకుల కింద పోశమ్మ కట్టెలపొయ్యి ఉంది. మబ్రూక్ పొయ్యి ముందు గొంతుకూర్చుని మొదటి కాగితం అందుకున్నాడు. పైన ఉన్న 'మీది ఏ దేశం?' చదివాడు. అంటించాడు.

"గిదే అడిగిన్రు ఆ రోజు కూడ" అన్నాడు, మర్ఫాను మంట మీద మెల్లగా తిప్పుతూ. "రిపేరుకిచ్చిన ఫోన్ తీస్కపోనీకి పోయిన. షాపాయన పాస్‌పోర్ట్ సూపియ్ అన్నడు. మా ఇల్లు ఈ గల్లీ దాటితే ఉంది, ఏసీ గార్డ్స్ బస్తీల అన్న. తెలుగుల చెప్పిన. ఉర్దూల చెప్పిన. నవ్వి వీడియో తీసుకున్నరు. మా తాతల తాతలు నిజాం గుర్రాల దళంల పనిచేసిన్రు మేడం, ఏసీ అంటే అదే, ఆఫ్రికన్ కావల్రీ. ఆ షాపు లేనప్పటి సంది ఉన్నం మేము ఆడ."

రెండో కాగితం. మూడో కాగితం. వేలి కణుపుతో తోలు మీద తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఇంకా చాలదన్నట్టు తలూపాడు.

"అద్దం పలగ్గొట్టిన. పెంకులు ఎగిరి ఆయన నెత్తికి ఏడు కుట్లు పడ్డయి. అద్దం గురించి నాకేం లేదు." మర్ఫాను ఇంకో వైపు తిప్పాడు. "కుట్లు మాత్రం కండ్లు మూస్తే కానొస్తయి. ఒక్కొక్కటి లెక్కవెట్టొచ్చు."

అప్పుడు కాలుతున్న కాగితం మీద 'నిద్ర ఎలా పడుతోంది?' అని ఉంది. మృదుల అది నల్లబడి ముడుచుకుపోవడం చూసింది. పక్కనే నేలమీద చతికిలబడింది, ఉతికిన చీర అని కూడా చూసుకోకుండా.

ఆఖరి కాగితం అయ్యాక మబ్రూక్ మళ్లీ తట్టాడు.

టంగ్!

"గిట్ల పలకాలె" అన్నాడు. బెత్తాలు తీసుకున్నాడు.

ఆ వాయింపు గురించి ఎంత చెప్పినా తక్కువే. పక్క పొయ్యి మీద పోశమ్మ పప్పు పొంగి మంట ఆరింది. మూడు వీధుల అవతల పెళ్లి కానివాళ్లకు పెళ్లి ఘడియ వచ్చినట్టయింది. నలభైమంది పిల్లలు కంచాలు పట్టుకుని వసారాలోకి ఉరికారు, కంచాలే వాయిద్యాలయ్యాయి. వాన కూడా కాస్త ఆగి విన్నదని పోశమ్మ ఈనాటికీ అంటుంది.

కోదండపాణి ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటీ గోల? ఆపండి! ఎవరిచ్చారు పర్మిషన్?"

బెత్తాలు ఆగాయి. మబ్రూక్ భుజాలు మళ్లీ బిగుసుకున్నాయి. మృదుల లేచి వెళ్లి అతనికీ సూపరింటెండెంట్‌కీ మధ్య నిలబడింది.

"సిట్టింగ్ జరుగుతోంది సార్."

"ఫారం ఏది?"

"కాలింది."

"కాలడమేమిటి?"

"పూర్తిగా కాలింది సార్. ఒక్క ప్రశ్న కూడా మిగల్లేదు."

"మీ మీద పైకి రాస్తాను!"

"రాయండి. నేనూ రాయబోతున్నాను." వెనక్కి తిరిగి, "మబ్రూక్, నువ్వు వాయించు" అంది.

మూడింటికి మండలి ముందు పెట్టిన రిపోర్టు అరపేజీ ఉంది. తెలుగులో ఉంది. మొదటి వాక్యం: 'మబ్రూక్ ఇక్కడివాడు.' మేజిస్ట్రేట్ గారు కాగితం తిప్పి చూస్తే, వెనక పోశమ్మ రాయించుకున్న కూరగాయల చీటీ కనబడింది.

"రిపోర్టు ఇదేనా?"

"ఇదే మేడం."

"చేతులు నిలకడగా ఉండవని సూపరింటెండెంట్ గారు రాశారు."

"ఉండవు మేడం. మర్ఫా వాయించే వాళ్ల తాతగారివీ ఉండేవి కావట."

మూల కూర్చున్న మబ్రూక్ దాదీ, ఎనభయ్యేళ్ల నాయనమ్మ, "ఉండకపోతుండె!" అని గట్టిగా సాక్ష్యం చెప్పింది. బంట్రోతు ఆమెను ఊరుకోమనడానికి వచ్చాడు గానీ ఆమె చూపుకు వచ్చిన దారినే పోయాడు.

పిల్లాణ్ణి దాదీతో పంపడానికి మేజిస్ట్రేట్ గారు రెండు షరతులు పెట్టారు. గురువారం గురువారం మృదుల దగ్గరికి వచ్చి కూర్చోవాలి. దెబ్బ తిన్న షాపాయనను ముఖాముఖి క్షమాపణ అడగాలి.

మబ్రూక్ లేచాడు. "అడుగుత మేడం. ఆ కుట్లు నా చెయ్యి చేసినయే. ఆయన గూడ నన్ను అడగాలె."

మేజిస్ట్రేట్ గారు అతన్ని చూశారు, రిపోర్టు చూశారు, మళ్లీ అతన్ని చూశారు. తాను రాసిన షరతులో 'మబ్రూక్' అన్న మాట కొట్టేసి, పైన 'ఇద్దరూ' అని దిద్దారు.

నాలుగో రోజున మృదులకు కోదండపాణి సంతకంతో మెమో వచ్చింది. దాంతోపాటు కొత్త ఫారాల కట్ట, రెండొందలు. చిన్న దూడంత బరువుంది. ఆమె దాన్ని ఆటోలో వేసుకుని జైతూన్ ఆపా ఇంటికి తీసుకుపోయింది.

"ఇవి ఏం చెయ్యమంటారు ఆపా?"

ఆపా అల్లం పొట్టు తీస్తోంది. తలెత్తి మూలనున్న మర్ఫా వంక, ఆకాశం వంక చూసింది.

"తడవకుండ దాచిపెట్టు బేటీ. వానలు ఇంక రెండు నెలలున్నయి."