ఉస్తాద్ తొట్టిలో ఉప్పు

భుజంగరావుకి ఒళ్ళు మండిపోతోంది. అన్నమణి అన్న మాటకి కాదు. ఆ మాటకి ఉస్తాద్ నవ్వినందుకు.

ఉస్తాద్ అంటే ఉప్పాడ తీరాన ఉండే మస్తాన్ సాహెబ్. సముద్రపు చేపల్ని ఇంట్లో అద్దాల తొట్టిలో బతికించే విద్య ఆయన చేతిలో ఉంది. నేర్చుకోడానికి వచ్చేవాళ్ళకి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. శిష్యుడు తొట్టి కట్టుకున్నాక అందులో మొదటి బిందె సముద్రపు నీళ్ళు ఉస్తాద్ తన చేత్తో పొయ్యాలి. ఆ బిందె పడందే ఆయన పెరట్లో పుట్టి పెరిగిన చేపల్లో ఒక్కటి కూడా ఆ గడప దాటదు.

భుజంగరావుది రాజమండ్రి. కలప వ్యాపారం. తన రెండంతస్తుల మేడలో హాలు గోడ పడగొట్టించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా అక్వేరియం కట్టాలని ప్లాను గీయించాడు. అందులో మనిషి దిగి ఈత కొట్టవచ్చు. నీళ్ళ బరువుకి నేల కుంగకుండా కింద కొత్తగా పిల్లర్లు. పంపులకీ వడపోతకీ విడిగా ఒక గది. కరెంటు పోతే జనరేటరు, అది మొరాయిస్తే ఇంకో జనరేటరు. సముద్రపు నీళ్ళేమో ట్యాంకర్లలో రావాలి. ఆ కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని, మగపెళ్ళివారి హోదాతో ఉస్తాద్ వరండాలోకి అడుగుపెట్టాడు.

కాగితాలు పరిచాడు. అక్కడున్న శిష్యులంతా వంగి చూశారు. అన్నమణి కూడా చూసింది. ఆవిడ పిఠాపురంలో టీచరు. ఆవిడ తొట్టి మహా అయితే ట్రంకు పెట్టెంత ఉంటుంది.

"ఇది చేపల్ని మనం చూడ్డానికి కాదండీ, చేపలు భుజంగరావు గారిని చూడ్డానికి," అంది.

వరండాలో అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా గడ్డం నిమురుకుంటూ నవ్వారు.

భుజంగరావు కాగితాలు చుట్టేశాడు. "ముందు ఆవిడ చేత క్షమాపణ చెప్పించండి. తరవాత మొదటి బిందెకి ముహూర్తం చెప్పండి," అన్నాడు.

ఉస్తాద్ రెండూ చెయ్యలేదు. కూతురి కాన్పుకి భార్యాభర్తలిద్దరూ తుని బయల్దేరుతున్నారు. "నేనొచ్చేదాకా నా తొట్టి చూసుకో నాయనా. నీ తొట్టి సంగతి వచ్చాక మాట్లాడుకుందాం," అన్నారు.

ఇదీ వరస! ఇంట్లో సముద్రం పెట్టుకోబోయేవాడికి, వంటింటి బల్లంత తొట్టికి కాపలా ఉద్యోగమా! అయినా ఆ బిందె కావాలి. ఆ చేపలు కావాలి. పళ్ళు నూరుకుంటూనే ఒప్పుకున్నాడు.

ఉస్తాద్ ఆటో ఎక్కుతున్నప్పుడు కూడా భుజంగరావు పక్కన నిలబడి అదే చెబుతున్నాడు. అన్నమణికి ఎంత పొగరో, తనకి ఎంత తలవంపో. ఆటో కదిలింది. ఉస్తాద్ తల బయటికి పెట్టి, పెరట్లో ఉన్న వాన నీళ్ళ బాన వైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పారు. భుజంగరావు తల ఊపాడు. ఊపుతూనే "అదీ కాక ఆవిడ..." అని మళ్ళీ అందుకున్నాడు. అప్పటికే ఆటో మలుపు తిరిగిపోయింది.

ఆ తొట్టిలో ఉన్న ప్రాణులు ఎక్కువేమీ కావు. తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలు రెండు, అవి దాక్కునే సముద్రపు పువ్వు ఒకటి. పువ్వంటే నిజంగా పువ్వు కాదు, అదీ ప్రాణే. నీళ్ళు కదిలినప్పుడల్లా సన్నటి వేళ్ళలాంటి రేకలు ఆడిస్తూ ఉంటుంది.

ఎండలు దంచేస్తున్నాయి. మర్నాడు పొద్దున చూస్తే తొట్టిలో నీళ్ళు కాస్త దిగాయి. భుజంగరావు ఏ పనీ మొక్కుబడిగా చేసే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒడ్డున నీళ్ళు మురికిగా ఉంటాయని, పడవవాళ్ళకి చెప్పి అలలు దాటిన చోటు నుంచి తేట నీళ్ళు క్యాన్లలో తెప్పించాడు. గుడ్డతో వడగట్టి పోశాడు. మళ్ళీ దిగాయి. మళ్ళీ పోశాడు. సముద్రపు చేపలకి సముద్రపు నీళ్ళు. ఇందులో ఒకరిని అడగాల్సింది ఏముంది?

పోస్తున్నంతసేపూ నోరు మాత్రం ఊరుకునేది కాదు. క్యాన్లు తెచ్చిన పడవ మనిషికి చెప్పినప్పుడు, అన్నమణి తనని చూసి నవ్వింది. పాలవాడికి చెప్పినప్పుడు, అందరూ విరగబడి నవ్వారు. బావమరిదికి ఫోనులో చెప్పేసరికి అన్నమణి ఆ ప్లాను కాగితాలు నేలకేసి కొట్టింది, ఉస్తాద్ చప్పట్లు చరిచారు. నవ్వులయ్యాక అన్నమణి "కానీ ప్లాను బాగుందండీ" అన్న మాట మాత్రం మొదటి రోజే ఎగిరిపోయింది. అది ఎవరికీ చెప్పలేదు.

సముద్రపు పువ్వు ముడుచుకుంది. చేపలు తిండికి పైకి రావడం మానేశాయి. వేడికి అలా ఉన్నాయేమోనని, చల్లగా ఉంటుందని ఇంకాస్త పోశాడు.

ఓ సాయంత్రం అన్నమణి వచ్చింది. వస్తూనే వరండాలో వరసగా పెట్టిన క్యాన్లు చూసింది. కిటికీలోంచి తొట్టి చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"భుజంగరావు గారూ, ఆ నీళ్ళు..."

"క్షమాపణ చెప్పడానికేనా వచ్చింది?"

"అది తరవాత చెప్తానండీ. ముందు ఆ నీళ్ళు పొయ్యడం ఆపండి. తొట్టిలో..."

ధడాలున తలుపు వేశాడు. గడియ కూడా పెట్టాడు. నాకు పాఠాలు చెప్పడానికి వచ్చింది చూడు, అనుకున్నాడు. అవతల ఆవిడ కాసేపు తలుపు తట్టి, వెళ్ళిపోయింది. చాలా రోజుల తరవాత ఆ పూట అన్నం రుచిగా తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఉస్తాద్ ఆటో దిగారు. ఒక్కరే. పుట్టిన మనవరాలిని సరిగ్గా ఎత్తుకోనైనా ఎత్తుకోకుండా వచ్చేశారు.

భుజంగరావు గేటు దాకా ఎదురెళ్ళాడు. "ఫోన్ చేసిందన్నమాట! చాడీలు కూడా మొదలెట్టిందన్నమాట! చూశారా ఉస్తాద్ గారూ, ఆవిడ..."

ఉస్తాద్ అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళారు.

ఒక చేప తొట్టి అడుగున పక్కకి ఒరిగి రొప్పుతోంది. రెండోది నీళ్ళ మీద తేలుతోంది. పొద్దున్నుంచీ వీధి వైపే కళ్ళెర్రజేసుకుని కూర్చున్న భుజంగరావు అది చూడనే లేదు.

ఉస్తాద్ దాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. తరవాత గరిటెతో క్యానులోంచి కాసిని నీళ్ళు తీసి భుజంగరావు దోసిట్లో పోశారు.

"నాలిక మీద వేసుకో."

ఉప్పగా ఉన్నాయి. సముద్రం ఎలా ఉంటుందో అలాగే.

ఈసారి తొట్టిలోంచి తీసి పోశారు. "ఇవి కూడా."

భుజంగరావు మొహం చిట్లించి ఉమ్మేశాడు. నోరంతా చేదెక్కిపోయింది.

"నేను పోసింది సముద్రపు నీళ్ళేనండీ! లోపలి నుంచి తెప్పించినవి! గుడ్డతో వడగట్టి మరీ పోశాను! ఇందులో నా తప్పేముంది?"

"ఎండకి పోయేది నీళ్ళే నాయనా," అన్నారు ఉస్తాద్. "ఉప్పు ఎక్కడికీ పోదు. రోజూ నువ్వు దాని మీద ఇంకాస్త పోశావు."

భుజంగరావు పెరట్లోకి పరిగెత్తాడు. వాన నీళ్ళ బానలో బిందె ముంచి, నిండుగా మోసుకొచ్చి, తొట్టిలోకి వంచబోయాడు. ఉస్తాద్ అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఒక్కసారిగా పోస్తే మిగిలింది కూడా పోతుంది."

అతని చేతిలోంచి బిందె తీసుకుని, టీ గ్లాసు పెట్టారు. "తొట్టిలోంచి ఒక గ్లాసు తియ్యి. దాని బదులు వాన నీళ్ళు ఒక గ్లాసు పొయ్యి. కాసేపాగు. మళ్ళీ తియ్యి."

"ఇలా ఎన్నాళ్ళండీ?"

"బిందె సంగతి తరవాత. ముందు గ్లాసు."

భుజంగరావు తొట్టి పక్కన నేల మీద కూర్చున్నాడు. తీశాడు, పోశాడు, ఆగాడు. మళ్ళీ తీశాడు.

సాయంత్రం అన్నమణి వచ్చి గుమ్మంలో ఆగింది. తడిగుడ్డ వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళ బకెట్టు పట్టుకెళ్ళి, బయట పారబోసి, కడిగి తెచ్చి అతని పక్కన పెట్టింది.

మంచం మీద నడుం వాల్చిన ఉస్తాద్ లేచి కూర్చున్నారు.

"నేను ఆటో దిగగానే అన్నమణి గురించి ఏదో చెప్పబోయావు. అప్పుడు వినలేదు. ఇప్పుడు ఆవిడా ఉంది, నేనూ ఉన్నాను. చెప్పు నాయనా."

భుజంగరావు నోరు తెరిచాడు. ఇన్ని రోజులుగా చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసిన మాటలే. తొట్టి అడుగున చేప మొప్పలు ఆడాయి, ఆగాయి, మళ్ళీ ఆడాయి.

"ఏమీ లేదండీ," అన్నాడు.

కాసేపటికి గ్లాసు అన్నమణి వైపు చాపాడు.

"ఇదొక్కటి మీరు పొయ్యండమ్మా."