రెండు కూతలు

"గురువుగారూ, ఒకరిని సాయం అడిగితే మనిషి తక్కువైపోడా?" అన్నాడు దాలినాయుడు ఓ పొద్దున్న. వాడి సంగతి మా అందరికీ తెలుసు. ఉన్న రెండెడ్లలో ఒకటి చచ్చిపోయింది. నారు ముదిరిపోతోంది, మడి ఇంకా దమ్ము చెయ్యలేదు. పక్కవీధిలో ఉన్న అన్నని ఎడ్లు అడగడానికి నామోషీ. నామోషీ ముదిరితే వేదాంతంలోకి దిగుతుందని నాకు ఆవేళే తెలిసింది.

కూర్మయ్య గురువుగారు గురువు కాకముందు మా చిన్నరైలుకి డ్రైవరు. వాదించడం ఆయనకి చేతకాదు. జరిగింది చెబుతారు, అంతే.

"ఆ బుల్లి ఇంజనుకి వానపడితే నక్కలమెట్ట ఎక్కడం కష్టం. పాత డ్రైవర్లు ఎత్తు మొదట్లోనే రెండు కూతలు వేసేవారు. జనం దిగి, పక్కనే పారే గెడ్డలో ఇసక తెచ్చి, చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లి, బండి వెంట నడిచి, పైకి వెళ్లాక మళ్లీ ఎక్కేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు. బండి నా చేతికొచ్చాక మాత్రం, నేనుండగా జనాన్ని దించనని పంతం పట్టాను.

ఆవేళ ముసురు. బండిలో అసిరమ్మ అని ఒకావిడ ఉంది. తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురొస్తే పట్నం ఆసుపత్రికి పోతోంది. ఎత్తు దగ్గర చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. కూత వెయ్యమని బొగ్గేసే ఫైర్‌మేన్ బతిమాలాడు. వినలేదు. వెనక్కి తీసి మూడుసార్లు ఎక్కించబోయాను, ఉన్న ఆవిరి కాస్తా అయిపోయింది. మళ్లీ ఆవిరి పట్టేసరికి గంటన్నర. ఆఖరికి జనం వాళ్లంతట వాళ్లే దిగారు. ముందు దిగింది అసిరమ్మే. ఒడినిండా ఇసక తెచ్చి పట్టాల మీద పోసింది. బండి ఏమీ ఎరగనట్టు ఎక్కేసింది."

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాం. గురువుగారు మళ్లీ అందుకున్నారు.

"మర్నాడు నా బండిలోనే తిరిగొచ్చింది. తను వెళ్లేసరికి తల్లి పోయి అరగంటయిందట. కూతురొచ్చిందా అని అడుగుతూనే పోయిందట. నన్ను తిట్టినా బాగుండును. ఇంజను దగ్గరికొచ్చి, 'రెండు కూతలేసుంటే దిగిపోయీవోలం కాదేటి, బాబూ' అంది. అంతే, వెళ్లిపోయింది. నలభై ఏళ్లయింది. ఆ ఇంజన్లన్నీ తుక్కు కింద పోయాయి. ఇప్పటికీ ముసురు పడితే నాకు అన్నం సయించదు."

దాలినాయుడు తల వంచుకున్నాడు. గురువుగారు వాకిట్లో ఎండ ఎంతవరకు వచ్చిందో చూసి, "మీ అన్న ఇంకా పొలానికి బయల్దేరి ఉండడురా" అన్నారు.