తెర వెనక ప్రీయాంప్లిఫయర్

మునసబు వీరభద్రయ్య గారికి పాటలంటే ప్రాణం. ఆయన ఇంటికి పట్నం నుంచి వచ్చిన ఆడియో నిపుణుడు చిదంబరం, "ప్రీయాంప్లిఫయర్ విడిగా లేకపోతే పాటలో జీవం ఉండదండీ!" అంటూ ఒక కొత్త అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టాడు.

"అక్కర్లేదు బాబుగారూ. శబ్దాన్ని ముందుగా కాస్త పెంచే ఆ పని మీ యాంప్లిఫయరే లోపల చేసుకుంటోంది," అన్నాడు ఊరి రేడియో మెకానిక్ మస్తాను.

"నాకే చెబుతున్నావా? నీ మాట తప్పని తేలితే ఈ ఊళ్ళో మళ్ళీ స్క్రూడ్రైవర్ పట్టకూడదు!" అని గద్దించాడు చిదంబరం.

మస్తాను తొణకలేదు. "అలాగేనండి. తెర కట్టి ఒకే పాట రెండుసార్లు వేస్తాను. మీ యంత్రం ఎప్పుడు తగిలించానో చెప్పండి."

మొదటిసారి చిదంబరం మొహం చిట్లించాడు. రెండోసారి కళ్ళు మూసుకుని తలాడించాడు. "ఆఁ, ఇప్పుడు తగిలించాడు! గొంతులో తేనె వినబడటం లేదూ?"

మస్తాను తెర తీశాడు. అట్టపెట్టెకు వేసిన సీలైనా ఊడలేదు.

వీరభద్రయ్య పగలబడి నవ్వాడు. "ఆ పాట మళ్ళీ వెయ్యరా మస్తానూ. చిదంబరం గారూ, సీలు చెడకుండా పట్టుకెళ్ళండి!"