కర్రెమ్మ లేపని పిల్లలు

ఒకప్పుడు రాళ్ళకి తమ పుట్టిల్లు గుర్తుండేది కాదు. వాటి కడుపులోని ఇనుప నలుసులే వాటి పిల్లలు. నేల కదిలినప్పుడల్లా ఆ పిల్లలు లేచి, ఎటుపడితే అటు పొర్లేవారు.

ఆ రోజుల్లో నిప్పుకొండ కడుపున ఇద్దరు నల్లరాతి అక్కచెల్లెళ్ళు పుట్టారు. పెద్దది బండక్క, చిన్నది కర్రెమ్మ. ఒంట్లో వేడి చల్లారుతుంటే ఇద్దరూ తమ ఇనుప పిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టారు. తొందరలో అందరి తలలూ ఉత్తరం వైపే పెట్టేశారు!

"అయ్యయ్యో, ఉత్తరానికి తల పెడతారటే ఎవరైనా? లేపి తిప్పండి!" అని చుట్టుపక్కల కొండలు గోల చేశాయి.

"నిద్రపోయే పిల్లల్ని లేపను గాక లేపను," అంది కర్రెమ్మ. ఒట్టి మొండిది. బండక్క కూడా చెల్లెలి మాటే పట్టుకుంది.

నేలలకి నడకంటే సరదా. తాబేలు సైతం విసుక్కునేంత నెమ్మది నడక. అలా నడుస్తూ నడుస్తూ అక్కచెల్లెళ్ళున్న నేల రెండుగా చిరిగి, కర్రెమ్మ అక్క నుంచి విడిపోయింది. మధ్యలో సముద్రుడు దూరాడు. దూరి ఊరుకున్నాడా?

"నా అన్నవాళ్ళు లేని నేల నాదే. నిన్ను మింగేస్తాను," అన్నాడు.

"నాకు అక్కుంది! అదిగో, అవతలి గట్టున!"

"దాని పిల్లలు ఉత్తరానికి తల పెట్టారు. నీ పిల్లలు తూర్పుకి పెట్టారు. మీరు ఒక ఇంటివాళ్ళెలా అవుతారు?" అని నురగలు కక్కుతూ నవ్వాడు సముద్రుడు. అప్పటికే నీళ్ళు కర్రెమ్మ నడుము దాకా వచ్చాయి.

కర్రెమ్మ పిల్లల వంక చూసుకుంది. ఒక్కరూ కదల్లేదు. అందరూ ఒకే వైపు తల పెట్టి బుద్ధిగా పడుకున్నారు. అప్పుడు తట్టింది ఆమెకి.

"తిరిగింది పిల్లలు కాదయ్యా, నేను! నడకలో నేనే పక్కకి తిరిగిపోయాను. నేలతల్లీ, నన్నోసారి వెనక్కి తిప్పి చూడవే!"

నేలతల్లి తిరగలి తిప్పినట్టు కర్రెమ్మని మెల్లగా తిప్పింది. పిల్లల తలలు సరిగ్గా ఉత్తరానికొచ్చాయి. అంతేనా? అక్కచెల్లెళ్ళ చిరుగు అంచులు రెండూ, ఈ గట్టునా ఆ గట్టునా, జత కుదిరి ఎదురెదురుగా నిలిచాయి.

"నా చెల్లెలే! నా కర్రెమ్మే!" అని బండక్క పెట్టిన కేక దిక్కులన్నిటా మారుమోగింది. సముద్రుడు గట్టు దిగిపోయాడు. తప్పుపట్టిన కొండలే చప్పట్లు కొట్టాయి. కర్రెమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు.

నేలతల్లి మురిసిపోయింది. "ఇకమీదట నిప్పులో పుట్టే రాళ్ళన్నీ పిల్లల్ని ఇలాగే పడుకోబెట్టండి," అంది.

అప్పటినుంచే నల్లరాళ్ళలోని ఇనుప నలుసులు, పుట్టినచోట ఉత్తరం ఎటుంటే అటే తల పెట్టి నిద్రపోతున్నాయి. నేల ఎంత దూరం నడిచినా, ఎటు తిరిగినా లేవవు. అందుకే, ఏ నేల ఎలా నడిచొచ్చిందో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఈనాటికీ ఆ పిల్లల తలలు ఎటున్నాయో చూస్తారు.