తిరుపాలు చేసిన పొగపెట్టె

ఐదు రోజులుగా తిరుపాలుకి అన్నం సయించడం లేదు. పదకొండేళ్ళు నేర్చిన విద్య ఒక పాత ఫ్రిజ్ ముందు అక్కరకు రాకుండా పోయింది.

ఫ్రిజ్ తలుపు బిగించడంలో అతన్ని మించినవాడు ఆ రేవు రోడ్డులో లేడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. గురువు మీరావలి దగ్గర పనికి చేరినవాడికి మొదటి పాఠం క్యాలెండర్ కాగితం. పాత క్యాలెండర్లోంచి ఒక నెల చింపి, తలుపుకీ రబ్బరుకీ మధ్య పెట్టి మూయాలి. లాగితే కాగితం చిరగాలి తప్ప జారి రాకూడదు. జారిందంటే అక్కడ చల్లదనం కారిపోతున్నట్టే. తిరుపాలు బిగించిన తలుపుల్లో ఇప్పటికి ఎన్ని సంవత్సరాలు చిరిగాయో లెక్కలేదు.

ఆ ధైర్యంతోనే ఆ నెల మొదట్లో గురువుని అడిగాడు. "సొంతంగా షెడ్డు పెట్టుకుందామనుకుంటున్నా. మీరు ఊఁ అంటే చాలు."

మీరావలి ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. సరిగ్గా అప్పుడే ఎండుచేపల నాగూరమ్మ షెడ్డులోకి వచ్చింది.

"సాయిబన్నా, ఆ మూల పడున్న హోటలోళ్ళ ఫ్రిజ్‌ని నాకు పొగపెట్టె చేసిపెట్టు. మా ఆడబిడ్డోళ్ళ ఊళ్ళో ఎండ లేకపోయినా పొగలో ఆరబెట్టి అమ్ముకుంటన్నారంట. పోయినేడు ముసురుకి ఆరు తట్టల చేప పురుగుపట్టి ఇసకలో పూడ్చిపెట్టా. ఈ యేడు కూడా అట్టా అయితే ఇంక ఈ పని మానుకోవడమే."

మీరావలి తిరుపాలు వైపు తిరిగాడు. "ఇది నువ్వు చెయ్యి. నాగూరమ్మ తిని బాగుందంటే అదే నా ఊఁ."

తిరుపాలుకి నవ్వొచ్చింది. పరీక్ష ఇంత తేలికా అనుకున్నాడు.

పని మాత్రం ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. గ్యాస్ లేదని చూసుకుని, కంప్రెసర్ ఊడదీశాడు. లోపలి ప్లాస్టిక్కూ దాని వెనకున్న నురగా వేడికి కరిగితే విషమని, ఒక్క పెచ్చు మిగలకుండా గీకి పారేశాడు. చుట్టూ కొత్త రేకు తొడిగాడు. ఫ్రిజ్‌లోని తీగల పళ్ళేలనే తోమి చేపలకు అరలుగా పెట్టాడు. బయట చిన్న డ్రమ్ములో కొబ్బరి పీచూ రంపపు పొట్టూ కాల్చి, ఆ పొగ గొట్టంలోంచి పెట్టె అడుగుకి చేరేలా ఒక బొక్క చేశాడు. వేడికి రబ్బరు ఆగదని బాయిలర్లకు వాడే తాడు తెచ్చి తలుపు చుట్టూ బిగించాడు. చివరికి క్యాలెండర్ కాగితం పెట్టి లాగాడు. ఆషాఢమాసం నిలువునా రెండు ముక్కలైంది.

మీరావలి టీ తాగుతూ అంతా చూశాడు.

నాగూరమ్మ తట్టెడు కానాగంత చేపలు తెచ్చింది. రెండు గంటలయ్యాక తలుపు తీస్తే నల్లటి పొగ మొహాన కొట్టింది. చేపలు చెమటలు కారుతూ మసిబట్టి ఉన్నాయి. నాగూరమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని తుపుక్కున ఊసింది.

"ఇదేందబ్బాయ్, ఇంజినాయిలు తాగినట్టుంది!"

ఎక్కడో లీకుందనుకున్నాడు తిరుపాలు. తాడు మీద ఇంకో తాడు చుట్టాడు. అతుకులన్నిటికీ మట్టి మెత్తాడు. రెండో తట్ట పెట్టాడు. ఈసారి డ్రమ్ములో నిప్పే చచ్చింది. విసనకర్రతో విసిరితే పొగంతా గొట్టంలోంచి వెనక్కొచ్చి అతని కళ్ళలోనే పడింది. చేపలు మొదటిసారి కంటే చేదు.

నాగూరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తట్ట దులుపుకుని, సముద్రం మీద కమ్ముతున్న మబ్బు వైపు చూసింది. "రేప్పొద్దున ఇంకో తట్ట ఇస్తా. అదే ఆఖరు" అని వెళ్ళిపోయింది. తిరుపాలుకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే గురువు పక్కన చతికిలబడ్డాడు.

"ఎక్కడో సందుంది గురువుగారూ. ఎంత వెతికినా దొరకడం లేదు. నా వల్ల కాదేమో."

మీరావలి పొగపెట్టె వైపు చూడనైనా లేదు. కంప్రెసర్‌లో పోసే నూనె డబ్బా ఒకటి కొత్తది తీసి, పైన ఒక మూల మేకుతో బొక్క పొడిచి అతని చేతికిచ్చాడు.

"ఇది ఆ సీసాలో పొయ్యి. తొందరగా కావాలి."

తిరుపాలు డబ్బా వంచాడు. నూనె గుడగుడమని గుటకలు వేసి, ఆగి, మళ్ళీ ఒక గుటక వేసి ఆగిపోయింది.

"ఇదేంది గురువుగారూ, మీరు కూడా..." అంటూ ఆ బాధలోనూ నవ్వుకున్నాడు. డబ్బా నిలబెట్టి, మేకు అందుకుని, రెండో మూలన ఇంకో బొక్క పొడిచాడు. మళ్ళీ వంచాడు. నూనె దారంలా, చప్పుడు లేకుండా జారింది.

తిరుపాలు ఆ ధారను చూస్తూ ఉండిపోయాడు. సీసా నిండింది. నూనె పొంగి అతని పాదాల మీద పడింది.

"నూనె పోతోంది చూడు" అన్నాడు మీరావలి.

తిరుపాలు డబ్బా కింద పెట్టి పొగపెట్టె దగ్గరికి నడిచాడు. స్టూలెక్కి, పెట్టె నెత్తిన డ్రిల్లు ఆనించాడు. ఇన్నేళ్ళలో ఫ్రిజ్‌కి పడ్డ బొక్కలు పూడ్చడమే తప్ప తనంతట తాను పొడిచింది లేదు. అంత కష్టపడి పట్టిన పొగ ఊరికే గాల్లో కలిసిపోతుందే అని ప్రాణం ఉసూరుమంది. అయినా కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. చేటంత బొక్క కాదు, రూపాయి బిళ్ళంతదీ కాదు, టీ గ్లాసంత లావు గొట్టం పట్టేంత. గొట్టం దిగేసి, నాగూరమ్మ తెచ్చిన ఆఖరి తట్ట అరల్లో సర్ది, డ్రమ్ములో నిప్పు రాజేశాడు.

విసనకర్ర అక్కర్లేకుండానే నిప్పు అంటుకుంది. కాసేపటికి పైగొట్టంలోంచి పల్చటి పొగ తీరిగ్గా బయటికొచ్చింది.

మీరావలి లేచి వచ్చాడు. గోడ మీది క్యాలెండర్లోంచి ఒక కాగితం చింపి, గొట్టం పైన పట్టి వదిలేశాడు. కాగితం కింద పడలేదు. గాలిపటంలా కాసేపు తేలి, షెడ్డు కప్పు మీదికి పోయింది.

సాయంత్రానికి చేపలు తేనె రంగుకి తిరిగాయి. నాగూరమ్మ ఒకటి విరిచి నోట్లో పెట్టుకుంది. తిరుపాలు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె ఇంకో ముక్క తిన్నది. మూడోది కొంగుకి ముడేసుకుంది, ఇంటికి.

"ఇంక రమ్మనండి ముసురుని" అంది.

ఆమె అన్నదే తడవుగా రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. తిరుపాలుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పిలవని పేరంటానికొచ్చిన వాన కూడా ఆ పూట అతనికి ముద్దొచ్చింది.

ఆమె వెళ్ళాక గురువు పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"మొదటిరోజే పైన బొక్క పెట్టమని చెబితే రెండు తట్టల చేప మిగిలేది కదా గురువుగారూ."

"చెబితే పెట్టేవాడివే" అన్నాడు మీరావలి. "తర్వాత దానికి మూత కూడా చేసేవాడివి."

తిరుపాలు చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు తడుముకుంది. ఎందుకైనా మంచిదని మధ్యాహ్నం కత్తిరించి పెట్టుకున్న గుండ్రటి రేకు మూత అందులోనే ఉంది. గొట్టానికి అతికినట్టు సరిపోయేలా అంచులు కూడా మడిచాడు.

కాసేపు తలొంచుకున్నాడు. తర్వాత దాన్ని బయటికి తీసి, పంచెతో తుడిచి, వెల్లకిలా పెట్టాడు. పొగపెట్టెలోంచి వేడివేడి కానాగంత ఒకటి తెచ్చి, విరిచి ఆ మూతలో పెట్టి గురువు ముందుంచాడు.

మీరావలి మూతనీ చూశాడు, చేపనీ చూశాడు. ముల్లు తీసి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"షెడ్డు ఎక్కడ చూసుకున్నావ్?" అని అడిగాడు.