పైడమ్మ కడుపుమంట, గంగాలు గ్లాసెడు పాలు

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేం కాదర్రా, మనుషులకంటే గేదెలే ఎక్కువున్న ఒక ఊళ్ళో అప్పలనరసమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఎనిమిది గేదెలు, ఇద్దరు కోడళ్ళు. గేదెల్ని పేర్లు పెట్టి పిలిచేది, కోడళ్ళని మాత్రం "ఒసే" అనేది. పెద్దకోడలు పైడమ్మకి ఒక కొడుకు, సింహాద్రి. చిన్నకోడలు నూకాలుకి ఒక కూతురు, గంగాలు. ఊ కొట్టండి, లేకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టుంది నాకు.

ఆ ఇంట్లో పాలకి ఒక వరస ఉంది. మీగడ మామగారికి, గడ్డపెరుగు మొగుళ్ళకి, చిక్కటి పాలు మగపిల్లాడికి, అడుగుపాలు పిల్లికి, చట్టి కడిగిన నీళ్ళు కోడళ్ళకి. ఇందులో ఆడపిల్ల ఎక్కడుంది అంటారా? నేనూ మా అమ్మమ్మని అదే అడిగాను. ఆడపిల్ల పాలు తాగితే తొందరగా ఈడేరిపోతుందట, అంచేత ఇవ్వకూడదట. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలీదు. పాలు మిగుల్చుకోవాలనుకున్నవాళ్ళెవరో చెప్పుంటారు.

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారి కోడలు ఒకనాడు బడి చూడ్డానికి వచ్చింది. సగంమంది పిల్లలు ఎక్కం మధ్యలో వదిలేసి తూగుతున్నారు. పొద్దున్నే ఏం తిన్నారని అడిగింది. ఏమీ లేదన్నారు. మర్నాడే చాటింపు వేయించింది. గేదెలున్న ప్రతి ఇల్లూ రోజూ చెంబుడు పాలు కాచి బడికి పంపాలి. పిల్లలు చేతులు కడుక్కుని వరసలో కూచోవాలి. ఆడైనా మగైనా ఒకటే గ్లాసు, ఒకటే కొలత.

నాలుగు నెలలు గడిచాయి. గంగాలు బుగ్గలు నిండాయి, తూగడం మానేసి పదహారో ఎక్కం గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. సింహాద్రీ బాగానే ఉన్నాడు, వాడికేం తగ్గలేదు. అయినా పైడమ్మకి ఒళ్ళంతా మంట. బడికి పాలు మోసుకెళ్ళేది తనే మరి. గంగాలు గటగటా తాగేసి, పైపెదవి మీద తెల్లటి చారతో నవ్వేది. ఆ చార చూస్తే పైడమ్మ గుండెల్లో కుంపటి. పాలు పిండితే మంట, పిడక కొడితే మంట, పడుకుంటే మంట, పక్కకి ఒత్తిగిలితే మంట. కథ వింటూ నవ్వకే, మీ తమ్ముడికి కొత్త చొక్కా కొన్నప్పుడు నీ మొహం నేను చూడలేదూ?

ఆ మంట ఆగక ఒకరోజు అత్త చెవిలో ఊదింది, గంగాలు ఏపుగా ఎదిగిపోతోంది, రేపోమాపో ఈడేరితే నలుగురూ ఏమంటారో అని. అంతే, అత్త తీర్పు చెప్పేసింది. గంగాలుకి పాలు బంద్. బడికెళితే తాగేస్తుంది కాబట్టి బడీ బంద్. గంగాలు పలక గోడకి ఆనించి మూల కూచుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండుననిపించింది నూకాలుకి.

నూకాలు గొడవపడలేదు. మర్నాడు పొద్దున కొట్టంలోకి వెళ్ళింది. అక్కడ రెండు దూడలున్నాయి, ఒకటి పెయ్య, ఒకటి మగదూడ. పాలు పిండేముందు పెయ్యని కడుపునిండా తాగనిచ్చి, మగదూడని రెండు గుక్కలకే లాగెయ్యడం ఆ ఇంటి అలవాటు. పెయ్య రేపు పాలిస్తుంది, మగదూడ ఏమిస్తుంది? నూకాలు ఆ రోజు మగదూడని పొదుగుకి వదిలి, పెయ్యని గుంజకి కట్టేసింది.

అత్త చూసి లబోదిబోమంది. "ఒసే, మతి పోయిందా? పెయ్య ఎండిపోతే రేపు మనింట్లో పాలెక్కడివే?"

"ఏపుగా ఎదిగిపోతుందేమోనని భయమేసింది అత్తా."

"ఎదగాలనే కదే తాగనిచ్చేది."

"కొట్టంలో ఎదగాలి, ఇంట్లో ఎదక్కూడదు. ఈ రెండూ నా బుర్రకి ఎక్కట్లేదు. నువ్వే విడమరిచి చెప్పు."

గేదెల సంగతిలో అత్తని మించినవాళ్ళు ఊళ్ళో లేరు. అందుకే అబద్ధమాడలేకపోయింది.

అప్పుడు నూకాలు, పాలు పిండడానికి వచ్చిన తోడికోడలి వైపు తిరిగి, "అక్కా, నా పిల్ల నీకేం చేసింది?" అంది.

పైడమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. "ఏం చెయ్యలేదే. పన్నెండేళ్ళుగా ఈ చేతుల్తో ఎనిమిది గేదెలు పిండుతున్నాను. పాల రుచి ఎలా ఉంటుందో నాకు తెలీదు. అది మూతి తుడుచుకోకుండా నవ్వుతుంటే, నాకెవరూ పొయ్యలేదే అని..."

నూకాలు పాలు కాచి, ఒక గ్లాసు నింపి ఆవిడ చేతికిచ్చింది. పైడమ్మ సగం తాగి ఆగింది. పక్కనే అత్త గొంతు సవరించుకుని, "నాకూ అరవయ్యేళ్ళొచ్చాయి" అంది, నేల చూస్తూ. నూకాలు ఆవిడకీ పోసింది.

ఆ పూటే పైడమ్మ గంగాలు పలక తుడిచి చేతికిచ్చి, బడికి తనే దిగబెట్టింది. ఇంట్లో పాల వరసా మారింది. చేతులు కడుక్కుని ఎవరు ముందొస్తే వాళ్ళకి ముందు. మామగారు మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు చేతులు కడుక్కొచ్చి పిల్లి వెనకాల నిలబడ్డాడు.

విన్నారా? పక్కవాళ్ళ గ్లాసు చూసి కడుపు మండితే, ఆ గ్లాసు లాక్కోకండి. మన గ్లాసు ఎక్కడుందో అడగండి. కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పట్లో దూరదాం.